దొర లేని మేనా

నిన్న మధ్యాహ్నం కొత్తవలస స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. మా వంశంలో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని నేనే. అందుకని ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళ ఫోన్లన్నీ, ఎవరికి రావలసినవైనా సరే, నాకే వస్తాయి. విశాఖపట్నంలోని ఒక పెద్ద కళా ప్రదర్శనశాల నుంచి ఒకావిడ మాట్లాడింది. మా చిన్నాన్న చేసిన బోయీల బొమ్మల్ని తీసుకెళ్ళి వాళ్ళ హాలు మధ్యలో నిలబెడతారట, ఆయన్నీ రమ్మంటున్నారట. నాకు కాలు నిలవలేదు. పక్కన వేరుశనక్కాయలు అమ్ముకుంటున్న ముసలామెకి చెప్పాను, టిక్కెట్లు చూసేవాడికి చెప్పాను, ఏడుస్తున్న ఒక పిల్లవాడికీ చెప్పాను. వాడు ఏడుపు ఆపాడు. ఈలోగా నా రైలు వెళ్ళిపోయింది. బెంచీ మీద కూలబడ్డాక గానీ ఆ బొమ్మల వెనకాల మా ఇంట్లో నడిచిన ఆ పాడు సంవత్సరం గుర్తుకు రాలేదు.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. చిన్నాన్నకి నరసన్నపేట దాటాక హైవే పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. ఇనప ఊచలు వంచి, వల చుట్టి, సిమెంటు మెత్తి నాయకుల విగ్రహాలు చేసేవాడు. చెయ్యెత్తిన మొండేలు నాలుగైదు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. ఏ ఊరివాళ్ళు వచ్చి అడిగితే ఆ తల పెట్టేవాడు. మాది బాప్టిస్టు కుటుంబం. బొమ్మకి మొక్కడం మాకు మహాపాపం. కానీ నాయకులకి మొక్కేవాళ్ళు బతికున్న నాయకులకే మొక్కుతారు గనక సంఘ పెద్దలు ఆయన పనిని చూసీచూడనట్టు వదిలేసేవారు. మా చర్చికి నూరేళ్ళ పండగ దగ్గరపడగానే ఆ పెద్దలే షెడ్డుకి వచ్చి, చర్చి కట్టించిన దొర విగ్రహం చేసిపెట్టమన్నారు. అది మొక్కడానికి కాదట, జ్ఞాపకానికట.

చిన్నాన్న వేసవంతా ఎవరినీ షెడ్డులోకి రానివ్వలేదు. పండగ వారం ఉందనగా గోనెలు తీసి చూపించాడు. నలుగురు బోయీలు మేనా మోస్తున్నారు. గోచీ కట్టు, పగిలిన మడమలు, కుడి భుజం మీద ఏళ్ళ తరబడి మేనా దండె ఒరుసుకుని లేచిన కాయ. మేనా ఖాళీగా ఉంది. ముందు బోయీ మా ముత్తాత. దొరని మా ఊరి నుంచి పాతపట్నం కొండల దాకా ఎండలో, వానలో మోసినవాడు. దొరేడీ అని పెద్దలు అడిగారు. చిన్నాన్న చేతులు తుడుచుకుంటూ అన్న మాట నాకింకా గుర్తు.

"దొర ఫోటో సర్చిలో ఉన్నాది కదండీ. మోసినోల్ల ఫోటో ఏదీ?"

వాళ్ళు బొమ్మలు తీసుకోకుండానే వెళ్ళిపోయారు. బొమ్మలు రోడ్డు పక్కన షెడ్డు ముందే ఉండిపోయాయి. అసలు ఆపద అక్కడే మొదలైంది. వరి ఉడుపులకి వెళ్ళే ఆడవాళ్ళు అటే నడిచేవారు. మా వైపు అమ్మవారి సంబరంలో ఖాళీ పల్లకీ కనబడితే ఖాళీ అని ఎవరూ అనుకోరు. అమ్మవారు కంటికి కనబడకుండా కూర్చుందనుకుంటారు. ఎవరో ఒకామె తప్పిపోయిన గేదె కోసం మేనా ముందు దండం పెట్టుకుందట. సాయంత్రానికి గేదె ఇంటికొచ్చింది. దానికి ఆకలేసి వచ్చిందని చిన్నాన్న ఎంత చెప్పినా వినలేదు. మర్నాటికి ముత్తాత నుదుటికి పసుపు, కాళ్ళ దగ్గర కొబ్బరిచిప్పలు. చిన్నాన్న పొద్దున్నే బ్రష్షుతో రుద్ది కడిగేవాడు. మధ్యాహ్నానికి మళ్ళీ పసుపే. దొర విగ్రహం అడిగిన పెద్దలకి ఇప్పుడు పది ఆజ్ఞలూ గుర్తొచ్చాయి. ఆ బొమ్మల్ని తన చేత్తో పగలగొట్టేదాకా చిన్నాన్న బల్లకి రాకూడదన్నారు. అంటే నెల మొదటి ఆదివారం అందరం కలిసి తీసుకునే రొట్టె, ద్రాక్షరసం ఆయనకి లేవన్నమాట.

ఆయన ఒక్కడి గొడవే అయితే భరించేవాడేమో. అప్పటికే మా మామ్మ మంచం పట్టింది. శ్రీకాకుళం డాక్టరు ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టమన్నాడు. మామ్మకి ఇష్టమైనది ఒక్కటే, చిన్నకొడుకు పక్కన కూర్చుని ఇంకొక్కసారి బల్ల తీసుకోవడం. అన్నం ముందు పెట్టుకుని అదే అడిగేది. చిన్నాన్న ఇంటికి రావడం తగ్గించేశాడు. వస్తే గుమ్మంలోనే నిలబడి, ఆవిడ నిద్రపోతోందని చెబితే ఊపిరి తీసుకునేవాడు. గడ్డం పెరిగిపోయింది. అన్నం మానేశాడు. ఒకరోజు నన్ను పిలిచి, నువ్వు చదువుకున్నావు కదా, ఏటి సెయ్యమంటావు అని అడిగాడు. నా చదువు మొత్తం వెతికాను.

చివరికి ఒక శనివారం ఆయన సమ్మెట పట్టాడు. తన తల్లి చూస్తుండగా కొడితే ఆవిడకి శాంతి అనుకున్నాడు. మామ్మని ఆటోలో తెచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురం ఎత్తి బొమ్మల ముందు దింపాం. ఆవిడ అంతవరకూ వాటిని చూడలేదు. ముందు బోయీని కాసేపు చూసి, చెయ్యి చాచి భుజం మీద కాయని తడిమింది. కొత్తకోడలిగా వచ్చినప్పుడు రోజూ మామగారి భుజానికి ఆముదం మర్దనా చేసేదట. సమ్మెట పట్టుకున్న కొడుకు వైపు తిరిగింది.

"ఒరే, ఎన్నాల్లని మోయిస్తావురా మా మావ సేత? దింపీ."

పగలగొట్టమని అనలేదు. చిన్నాన్న సమ్మెట పక్కన పెట్టి రంపం బ్లేడు తీశాడు. లోపలి ఊచలు ఒక్కొక్కటీ కోసి, మేనాని భుజాల మీంచి విడదీసి నేల మీద పెట్టాడు. బోయీలు అలాగే నిలబడ్డారు. దండె పట్టుకున్న గుప్పిళ్ళు మాత్రం గాలిలో మూసుకునే ఉండిపోయాయి. చిన్నాన్న ఏడుస్తున్నాడో, సిమెంటు దుమ్ము కళ్ళలో పడిందో తెలియలేదు.

పెద్దలు ఒప్పుకోలేదు. పగలగొట్టమంటే మేనా దింపి ఊరుకుంటాడేమిటన్నారు. మర్నాడు మొదటి ఆదివారం. చిన్నాన్న చర్చి గేటు బయట నిలబడ్డాడు. లోపల పళ్ళెం వచ్చినప్పుడు మామ్మ రొట్టెముక్క తీసుకుంది గానీ నోట్లో పెట్టుకోలేదు. ప్రార్థన మధ్యలోనే, నన్ను బయటికి తీసుకుపొండి అంది. మా నాన్న ఎత్తుకున్నాడు, నేను వెనకే నడిచాను. బెంచీలన్నీ తిరిగి చూశాయి. గేటు దగ్గర ఆవిడ ఆ ముక్కని రెండుగా తుంచి, సగం తన నోట్లో, సగం కొడుకు నోట్లో పెట్టింది. మా వెనక చెప్పుల చప్పుడు వినబడింది.

"బేగి మింగీరా. పెద్దలొస్తన్నారు."

మళ్ళీ బల్ల నాటికి మామ్మ లేదు.

ఆ పెద్దల్లో ఇద్దరు పోయారు. ఒకాయనకి ఇప్పుడు ఏదీ గుర్తుండదు. కొత్త పాస్టరుగారు వచ్చి చిన్నాన్నని ఆయనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. ఇప్పుడు ప్రతి నెలా పళ్ళెం ఆయన ముందుకి వస్తుంది. ఆయన తన ముక్క తీసుకుని, పక్కకి ఒక్కసారి చూసి, నెమ్మదిగా నములుతాడు. తరిమేవాళ్ళెవరూ లేరు. కాలం అడిగినవన్నీ ఇస్తుంది గానీ, ఒక్క విస్తట్లో వడ్డించదు.