మేబెల్‌కి పెట్టిన పులిహోర

నవ్వనని మాటిస్తేనే చెప్తా. మొన్న శనివారం నేనొక నాటకాన్ని ఆపేశాను. అవును, నడుస్తున్న నాటకాన్నే!

కెనడాలో ఈ వాటర్లూకి నేను కొత్త కదా. డల్లాస్ నుంచి వచ్చి నాలుగు నెలలు. పనంతా ఇంట్లోంచే. శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూశానంటే మళ్ళీ సోమవారం "గుడ్ మార్నింగ్" అనేదాకా నోరు తెరిచే పనుండదు. ఈమధ్య కుక్కర్ విజిలేస్తే "ఆ, వస్తున్నా" అంటున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, నిజం.

అందుకే గంట పైన దూరంలో రిచ్‌మండ్ హిల్‌లో ఉండే మా ఆఫీసు టీమ్ సునీత "మీ ఊళ్ళో ఏదో మ్యాట్నీ నాటకం ఉందట, వెళ్దామా?" అనగానే ఎగిరి గంతేసి రెండు టికెట్లు బుక్ చేశా. పాత న్యూయార్క్ కథ. మందు మీద నిషేధం ఉన్న రోజుల్లో దొంగచాటుగా నడిచే నైట్‌క్లబ్. హాలునే క్లబ్‌లా మార్చేశారు. మనం టేబుళ్ళ దగ్గర కూర్చుంటే యాక్టర్లు మన మధ్యే తిరుగుతారు. అయ్యాక పార్కులో కూర్చుని తిందామని డబ్బా నిండా పులిహోర కలిపా. చేతిలో డబ్బా లేకుండా గడప దాటితే మనకి తోచదు కదా!

తీరా తలుపు దగ్గరికి వెళ్ళాక సునీత మెసేజ్. పాపకి జ్వరమట. ఆవిడ తప్పేముంది పాపం? కానీ ఎదురుగా ఖాళీ కుర్చీ చూస్తూ కూర్చుంటే ఏడుపొచ్చినంత పనైంది.

ఆట మొదలైంది. ట్రంపెట్లు, ఈకల టోపీలు, పొగ... మేబెల్ అని ఒక డాన్సర్ పాత్ర. ఆడే షో మూతపడి ఉద్యోగం పోయింది. తూలుకుంటూ వచ్చి సరిగ్గా నా ఎదుటి కుర్చీలోనే కూలబడింది! నా కళ్ళల్లోకి చూసి, "రెండ్రోజులైంది తిండి తిని. ఇంత పెద్ద ఊళ్ళో నన్ను తిన్నావా అని అడిగే దిక్కు లేదు" అంది.

అది డైలాగని నాకు తెలుసండీ! కానీ ఆ మాట విని మనవాళ్ళెవరైనా ఊరుకోగలరా? పైగా అది నా మాటే అనిపించింది. "అయ్యో, ముందు తినమ్మా" అని తెలుగులోనే అనేసి, డబ్బా మూత తీసి చెంచా ఆమె చేతిలో పెట్టేశా.

ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఆకలని ఇప్పుడే చెప్పిందాయె! ఒక చెంచా తింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకో చెంచా. కథ ప్రకారం ఆ వెంటనే ఆకలితో స్పృహ తప్పి పడిపోవాలట. నములుతూ ఎలా పడిపోతుంది? హాలంతా ఒకటే నవ్వు.

అంతలో ఆమె ఆగింది. "ఇందులో పల్లీలున్నాయా?" అంది, మామూలు గొంతుతో.

"బోలెడు!" అన్నా గర్వంగా.

టక్కున లైట్లు వెలిగాయి. మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు. ఆమెకి పల్లీలు పడవేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి. "నాకేం కాదు. తర్వాతి సీన్లో నేను ముద్దు పెట్టుకోవాల్సిన హీరోకి పడవు" అంది. అరగంట బ్రేక్ ఇచ్చారు. ఆ పూట ప్రేమకథ షేక్‌హ్యాండ్‌తో సరిపెట్టుకుంది.

ఆట అయ్యాక మేనేజర్ నన్ను కూర్చోబెట్టి, జరిగినదాని మీద రాసివ్వమని ఒక ఫారం ఇచ్చాడు. పేరు రాశా, అడ్రస్ రాశా. తర్వాత గడి, ఎమర్జెన్సీ కాంటాక్ట్. అంటే ఆపదొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో రాయాలి. పెన్ను అక్కడే ఆగిపోయింది.

"ఈ ఊళ్ళో ఎవరైనా సరే మేడమ్" అన్నాడు.

ఆ "ఎవరైనా" ఎవరో నాకు తడితే కదా! ఫోన్‌లో పేర్లు పైకీ కిందకీ తిప్పుతూ వెతుకుతున్నట్టు నటించా. అక్కడ అందరికంటే దరిద్రంగా నటించింది నేనేనేమో. పక్కనే మేకప్ తుడుచుకుంటున్న మేబెల్ వచ్చి, నా చేతిలో పెన్ను లాక్కుని, ఆ గడిలో తన నంబరు రాసేసింది. "రెండు వీధుల అవతలే ఉంటాను" అంది.

అదీ సంగతి. ఈ ఊళ్ళో నాకేమన్నా అయితే పరిగెత్తుకొచ్చే మనిషి ఇప్పుడు ఒకరున్నారు. ఆమె షో నేను చెడగొడితే గానీ దొరకలేదు!