మగ్దలీనమ్మ మోసిన తప్పు

మగ్దలీనమ్మ అంత అబద్ధాలకోరును నా జన్మలో చూడలేదు. గేటు వేశాక వచ్చినవాడికి సంగటిముద్ద బుట్ట కింద దాచిపెట్టి, "అందరూ తిన్నారయ్యగారూ, ఒక్కడూ తక్కువ లేడు" అని వార్డెను ముఖం మీదే చెప్పేది. పలక పగలగొట్టినవాడికీ, తెల్లవారి ప్రార్థన ఎగ్గొట్టినవాడికీ ఆమె అబద్ధమే దిక్కు. ఆదివారం గుడిలో మోకరించి, "ఈ వారం ఆడినవన్నీ కలిపి ఒక్కసారే క్షమించు తండ్రీ" అని పైకే ప్రార్థించేది. అదేంది పెద్దమ్మా అని అడిగితే, "ఒకటొకటిగా చెప్పుకుంటా కూచుంటే పొయ్యి మీద కూడు మాడిపోదా" అనేది.

ఆమెది కొనకనమిట్ల దగ్గర పల్లె. మొగుడు సారా తాగి తాగి ముప్పై ఏళ్లకే పోయాడు. పిల్లలు లేరు. మార్కాపురం బయట మేం చదివిన టీచర్ల ట్రైనింగు స్కూలు బోర్డింగులో వంటకు కుదిరి, పదిహేనేళ్లు మాలాంటి నలభై మందికి జొన్నసంగటి కెలికింది. ఆ స్కూలు ఇప్పుడు లేదు. పేరు చెప్పి ప్రయోజనమూ లేదు.

నా గదిలో నాతోపాటు ఉండేవాడు ఏసురత్నం. పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె వాడిది. వాళ్ల నాయన ఒక ఆసామి దగ్గర జీతగాడు, తాతా జీతగాడే. ట్రైనింగు పూర్తయితే ఏసురత్నం అయివారు అవుతాడు. మధ్యలో ఆగిపోతే వాళ్ల నాయన పక్కన అదే గొడ్లచావిట్లో నిలబడతాడు. నా సంగతీ అంతే, ఊరి పేరే తేడా.

మా వార్డెను ప్రకాశరావు గారు మంచివాడు. అదే మా ఖర్మ అయింది. ఆయన తమ్ముడు తాగుడుకు బలైపోయాడట. అందుకని తాగుడంటే ఆయనకు పాములోడికి పాము మీద ఉన్నంత ధ్యాస. చేరిన రోజే ప్రతి విద్యార్థి చేత ఒట్టు కాగితం మీద సంతకం చేయించేవాడు. ప్రతి శనివారం బొమ్మల లాంతరు పెట్టి గోడ మీద తాగుబోతు కాలేయం బొమ్మ చూపించేవాడు. కల్లు విషం, సారా విషం, చుట్ట విషం, ఒక్క చుక్క నాలుక మీద పడినా విషమే అనేవాడు. మేం తలలు వంచుకుని వినేవాళ్లం. లోపల నవ్వుకునేవాళ్లం. పెళ్లికీ చావుకీ ముంత పట్టుకున్న మా తాతలు ఎనభై ఏళ్లు నిక్షేపంగా బతికారు గదా.

చెప్పటమే అయితే పర్వాలేదు. తాగి దొరికినవాణ్ణి ఆ పూటే పంపించేసేవారు. అంతటితో వదలరు. వాడి ఊళ్లో గుడి నడిపే ఉపదేశికి ఉత్తరం వెళ్లేది. ఆదివారం ఆరాధన మధ్యలో, తల్లీ తండ్రీ చాప మీద కూర్చుని ఉండగా, ఉపదేశి దాన్ని గట్టిగా చదివేవాడు. తాగినవాడి సంగతి తెలిసీ చెప్పనివాడికీ అదే శిక్ష. నా ముందు సంవత్సరం ఒకడి విషయంలో అలా చదివితే, వాళ్ల అమ్మ మళ్లీ గుడి గడప తొక్కలేదు.

1934 ఏప్రిల్లో ఒక శనివారం ఏసురత్నం ఇన్‌స్పెక్టరు ముందు మాదిరి పాఠం చెప్పాడు. మూడో తరగతి పిల్లలకు చెరువు గురించి. ఇన్‌స్పెక్టరు భుజం తట్టి వెళ్లాడు. ఇక పరీక్ష గట్టెక్కినట్టే. వాడి సంతోషం చూసి నాకు బుద్ధి గడ్డి తిన్నది. మా స్కూల్లో వడ్రంగి షెడ్డు ఉండేది, పలకలకు కొయ్య చట్రాలు చేసేవాళ్లం. లక్కను స్పిరిట్లో కరిగించి బల్లలకు పాలిషు పూసేవాళ్లం. ఆ స్పిరిట్ సీసా ఒకటి చొక్కా కింద పెట్టుకుని గదికి తెచ్చాను.

సీసాకు అంటించిన కాగితం మీద వార్డెను గారి గుండ్రటి దస్తూరీలో ఉంది: విషము. తాగరాదు. ఇద్దరం చదివాం. ఏసురత్నం నవ్వాడు. "ఆయనకు మజ్జిగ గూడా విషమేలే" అన్నాడు.

నీళ్లు కలిపి తాగాం. నాకు ఒక్క గుక్కకే గొంతు మండి, వెనకకు పరుగెత్తి కక్కుకున్నాను. వాడు గ్లాసున్నర తాగాడు. మాదిరి పాఠం మళ్లీ మొదటినుంచి నాకు చెప్పటం మొదలుపెట్టి, అందులో చెరువు గట్టు దాకా వచ్చేసరికి నిద్రపోయాడు.

ఆదివారం పొద్దున వాడు లేచాడు. తల దిమ్ముగా ఉందన్నాడు, అంతే. గుడికి కూడా వచ్చి పాట పాడాడు. చూశావా, ఏం కాలేదు అన్నట్టు నా వైపు కనుబొమ్మలెగరేశాడు. మధ్యాహ్నానికి కడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే, "పొగమంచు పట్టిందేందిరా" అన్నాడు.

అన్నానికి రాలేదేమని మగ్దలీనమ్మ వెతుక్కుంటూ వచ్చింది. గదిలో అడుగు పెట్టగానే ముక్కు ఎగబీల్చింది. పదేళ్లు తాగుబోతుతో కాపురం చేసిన మనిషికి ఇంకెవరూ చెప్పాల్సిన పని లేదు. వంగి మంచం కింద చెయ్యి పెట్టి సీసా బయటికి లాగింది. కాగితం మీద వేలు పెట్టి నన్ను అడిగింది.

"దీని మీద ఏం రాసినారు నాయనా?"

నేను ఉత్తరాన్ని తలచుకున్నాను. మా ఉపదేశి గొంతు చెవిలో వినిపించింది. మా అమ్మ చాప మీద కొంగు నోట్లో కుక్కుకోవటం కనిపించింది.

"పాలిషు అని రాసినారు పెద్దమ్మా" అన్నాను.

"పాలిషేనా? ఇంకేం లేదా?"

"ఇంకేం లేదు."

ఆమె ఏసురత్నం కనురెప్పలు ఎత్తి చూసింది. నుదురు ముట్టి చూసింది. వాడు ఆమె చెయ్యి పట్టుకుని, "అయ్యగారికి చెప్పొద్దు పెద్దమ్మా, మా నాయన సచ్చిపోతాడు" అన్నాడు. ఆమె చింతపండు నీళ్లు తెచ్చి తాగించింది. ఉప్పేసిన మజ్జిగ తాగించింది. "మా ఇంటాయనకు ఇంతకన్నా ఎక్కువైన రోజులు ఎన్ని లేవు. పొద్దు గూకేతలికి దిగిపోతాది, పడుకో" అంది. వార్డెను గారు అడిగితే ఎండదెబ్బ అని చెప్పింది. ఆయన పాపం, తన ఇంటినుంచి కుండ నీళ్లు పంపించాడు.

పొద్దు ఇంకా గూకలేదు. కిటికీలోంచి ఎర్రటి ఎండ వాడి ముఖం మీదే పడుతోంది. "దీపం ముట్టించండిరా, చీకటైంది" అన్నాడు ఏసురత్నం.

మగ్దలీనమ్మ వాడి కళ్ల ముందు చెయ్యి ఆడించింది. రెప్ప కదలలేదు. చేతిలోని చెంబు అక్కడే వదిలేసి పరుగెత్తింది. వార్డెను గారి వరండాలో కింద కూలబడి, "వాడు స్పిరిటు తాగినాడయ్యా, నేను దాచినాను, కళ్లు పోయినాయి" అని చెప్పేసింది. ఒక్క మాట దాచలేదు, నా పేరు తప్ప.

ప్రకాశరావు గారు చెప్పులు లేకుండా వచ్చాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. వాణ్ణి రెండు చేతులా ఎత్తుకుని బండిలో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోయాడు. డాక్టరు సీసా వాసన చూసి తల తిప్పుకున్నాడు. "ఇది తాగినవాడికి మొదట ఏమీ కానట్టే ఉంటుంది. మధ్యాహ్నమే తెచ్చి ఉంటే నా ప్రయత్నం నేను చేసేవాణ్ణి" అన్నాడు. ఏసురత్నం సోమవారం తెల్లవారుజామున పోయాడు. వాడికి పంతొమ్మిదేళ్లు.

శవం కోసం వాళ్ల అమ్మ మార్తమ్మ వచ్చింది. వంటింటి ముందు మన్ను దోసిట్లోకి తీసుకుని మగ్దలీనమ్మ మీద పోసింది. "నా బిడ్డ కళ్లు పోతా ఉంటే ఎండదెబ్బ అంటివంట. నీ కడుపున పుట్టి ఉంటే అట్ల అందువా?" అంది. మగ్దలీనమ్మ తలమీద మన్ను దులుపుకోలేదు. నేను స్తంభం చాటున నిలబడి చూశాను. నోరు తెరవటానికి నాకు రెండే అడుగుల దూరం.

బుధవారం స్కూలు కమిటీ కూర్చుంది. వాడొక్కడే తాగినాడు, చూసింది నేనొక్కదాన్నే అంది మగ్దలీనమ్మ. గదిలో ఉన్నవాడివి నీకేం తెలియదా అని నన్ను అడిగారు. తెలియదండీ అన్నాను. ఆ పిల్లవాడు మధ్యాహ్నమంతా మన దగ్గరికి రావటానికి ఎందుకు భయపడ్డాడని ఆ పెద్దమనుషుల్లో ఒక్కడికీ అడగాలని తోచలేదు. ఒట్టు కాగితంలో ఇంకో నాలుగు వరుసలు పెంచారు. శనివారం లాంతరు ఇకనుంచి ప్రతి బుధవారం కూడా వెలిగేది. మగ్దలీనమ్మను పనిలోంచి తీసేశారు, గుడిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లకు ఏడాదిపాటు దూరం పెట్టారు. ఆమె ఊళ్లో కూడా ఉత్తరం చదివారు. చదువురాని మనిషి, తన పాపాన్ని ఇంకొకడు చదివితే విన్నది.

నేను పరీక్ష పాసయ్యాను. కొమరోలు దగ్గర కొన్నేళ్లు చేసి, 1946లో కొనకనమిట్ల పక్క పల్లెకు మారాను. ఆమె అక్కడే ఉందని తెలిసీ మూడు నెలలు ఆ దారి తొక్కలేదు. చివరికి ఒక శనివారం వెళ్లాను. ఎవరిదో కళ్లంలో కూలికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. సగానికి సగం అయిపోయింది మనిషి. నన్ను గుర్తుపట్టి, "అయివారివైనావంట గదా నాయనా" అని మురిసిపోయింది. దోసెడు గింజలు నా చేతిలో పోసింది.

"పెద్దమ్మా, ఆ సీసా తెచ్చింది నేను" అన్నాను.

"తెలుసు. ఆ పొద్దు నీ నోరూ అదే కంపు కొట్టె."

"మరి కమిటీలో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వాడు లేచొస్తాడా? ఇంకోడు గొడ్లకాడికి పోతాడు, అంతేగా. అయినా సంపింది నేను గదా. చింతపండు నీళ్లకు దిగుతాదనుకుంటి."

అంతటితో లేచి రావచ్చు. అలా వస్తే నేను మనిషినే కాదనిపించింది. సీసా మీద పాలిషు అని లేదు పెద్దమ్మా, విషము తాగరాదు అని ఉంది, నువ్వు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పినాను అన్నాను.

కాయ ఒలుస్తున్న చేతులు ఆగిపోయాయి.

"విషమని తెలిసుంటే అప్పుడే ఎత్తుకోని పోదును గదరా" అంది. గొంతు హెచ్చలేదు. "పన్నెండేండ్లు. మార్తమ్మ మన్ను పోసిందే తల్చుకుంటా పండుకుంటి."

ఇంకేమైనా అంటుందని కూర్చున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె చాట దగ్గరికి లాక్కుని మళ్లీ ఒలవటం మొదలుపెట్టింది. కాసేపటికి తలెత్తకుండానే, "ఆ యమ్మ ఇంకా బతికే ఉండాది. పోయి చెప్పు" అంది.

రెండు బండ్లు మారితే పుల్లలచెరువు, అక్కణ్ణుంచి మార్తమ్మ పల్లె చేరవచ్చు. పంటల సెలవుల్లో వెళ్దామనుకున్నాను. ఆ సెలవుల్లో జ్వరమని నాకు నేనే చెప్పుకున్నాను. వేసవిలో తప్పకుండా అనుకున్నాను. వేసవి రాకముందే మార్తమ్మ చనిపోయిందని ఒక ఉపదేశి మాటల్లో తెలిసింది. విన్న క్షణాన నాకు ఏడుపు రాలేదు. ఇక వెళ్లక్కర్లేదు గదా అని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.