బానోతు అంటే పలకని మనిషి

2023 జూలై. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో, మా మామగారి కిరాణా దుకాణం పై అంతస్తులో నా టూర్ల ఆఫీసు. ఈ ఊరిని మేం మానుకోట అంటాం. మానుకోటలో విమానం టిక్కెట్లు ఎవరు కొంటారమ్మా అని మొదట్లో మా ఇంట్లోవాళ్లే నవ్వారు. తిరుపతి, కాశీ యాత్రలతో మొదలుపెట్టి, అప్పటికి సింగపూర్, బాలి దాకా మనుషుల్ని పంపుతున్నాను. ఈ వృత్తిలో ఒక చిత్రం ఉంది. ప్రయాణం చేసేది వాళ్లు, వాళ్లు క్షేమంగా వచ్చేదాకా ఫోన్ పట్టుకుని కూర్చునేది నేను. అందరి సంగతీ మర్చిపోతాను గానీ, సక్రు గారిని, కమ్లమ్మని ఈ జన్మకు మర్చిపోను.

బానోతు సక్రు గారు భూపాలపల్లి బొగ్గుగనిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. బయ్యారం దగ్గరి సొంత తండాలో ఇల్లు కట్టుకుని భార్యతో ఉంటున్నారు. ఒకరోజు ఇద్దరూ మెట్లెక్కి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. ఎక్కడికి వెళ్తారని అడిగితే ఆయన సూటిగా చెప్పేశారు.

"ముప్పై ఏండ్లు భూమి కడుపుల పనిజేసిన బిడ్డా. పొగలిడిసే గుట్టలుంటయంట గద. దాని నోరెట్లుంటదో ఒక్కసారి చూసొస్త."

కమ్లమ్మ ఏమీ అడగలేదు. ఆయన ఎక్కడికంటే అక్కడికే అన్నట్టు తలూపింది. నేను బాలి ద్వీపం చెప్పాను. అక్కడి అగ్నిపర్వతం మీదికి రోజూ జనం ఎక్కుతారు, వీసా కష్టం కూడా లేదు. చాలామంది చీకట్లో బయల్దేరి కొండమీద సూర్యోదయం చూస్తారు. సక్రు గారికి షుగర్ ఉంది, వేళకు తినాలి. అందుకని పగటిపూట ఎక్కేటట్టు ఐటినరరీ, అంటే ఏ రోజు ఎక్కడికన్న కార్యక్రమం, వేయించాను. మాత్రలు, బిస్కెట్లు కమ్లమ్మ సంచిలోనే పెట్టమని గట్టిగా చెప్పాను. ఆయన దగ్గరుంటే ఎక్కడో పెట్టి మర్చిపోతారని నా తెలివి. ఆ తెలివిని తర్వాత నేనే తిట్టుకున్నాను.

పేరు దగ్గర ఒక చిన్న తిరకాసు ఉంది. పాస్‌పోర్టు దరఖాస్తు ఎవరు నింపారో గానీ, పేరు ఉండాల్సిన గడిలో ఇంటిపేరు బానోతు అని, ఇంటిపేరు గడిలో అసలు పేరు సక్రు అని వేశారు. నేను చూశాను, చూసి ఊరుకున్నాను. పాస్‌పోర్టులో ఎలా ఉందో టిక్కెట్టులో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలన్నది మా పనిలో మొదటి పాఠం. వోచర్, అంటే అక్కడి గైడు చేతిలో పెట్టే కాగితం, దానిమీద కూడా అదే పేరు అచ్చయింది. ఆ కాగితం ప్రకారం ఆయన 'మిస్టర్ బానోత్'.

బాలిలో దిగినప్పటి నుంచి వాట్సాప్‌లో ఫొటోలు వస్తూనే ఉన్నాయి. మెట్లు మెట్లుగా దిగిన వరి మడుల్లో కమ్లమ్మ వంగి కంకి పట్టుకుని చూస్తోంది. గుళ్లో రాతి గొట్టాల నుంచి పడే నీళ్ల కింద సక్రు గారు తల పెట్టారు. సరస్సు ఒడ్డున ఇద్దరూ ఫొటోకు బిగుసుకుని నిలబడ్డారు. మూడో రోజు పొద్దున కొండ. నల్లటి ఇసుక, నల్లటి రాళ్లు, రాళ్ల సందుల్లోంచి ఆవిరి. ఆ ఆవిరిలోనే గైడు కోడిగుడ్లు ఉడికించి పెట్టాడట. బొగ్గుగని మనిషి కదా, ఆయన ముందు వాసన చూసి, గ్యాస్ లేదని తేల్చుకున్నాకే గుడ్డు ఒలిచారట. కమ్లమ్మ వాయిస్ మెసేజ్‌లో ఇదంతా నవ్వుకుంటూ చెప్పింది. నాకూ ముచ్చటేసింది.

పదకొండు గంటలకు ఫోన్ మోగింది. అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర.

"బిడ్డా, ఆయన కానొస్తలేడు."

నెమ్మదిగా అడిగితే సంగతి తెలిసింది. మోకాలు నొప్పని కమ్లమ్మ పైనున్న టీ పాక దగ్గర కూర్చుంది. అవతలి వైపు నుంచి పర్వతం నోరు ఇంకా బాగా కనిపిస్తుందని ఎవరో అంటే, ఇప్పుడే వస్తానని సక్రు గారు అంచు వెంట నడిచారు. ఉన్నది ఒక్కడే గైడు, వాయన్ అనే కుర్రాడు. వాడు ఈమె దగ్గర ఆగిపోయాడు. పది నిమిషాల్లో పొగమంచు కమ్మేసింది. పక్క మనిషి కూడా కనపడటం లేదట. ఆయన వెళ్లి గంట దాటింది. తిండి వేళ తప్పింది, మాత్రలు, బిస్కెట్లు అన్నీ ఈమె సంచిలో ఉన్నాయి. ఆ దారికి అటు లోయ, ఇటు పర్వతం నోరు.

ఫోన్ వాయన్‌కు ఇమ్మన్నాను. వాడిది అరకొర ఇంగ్లీషు. ఇంకో ముగ్గురు గైడ్లు కూడా కలిశారని, అరగంట నుంచి పేరు పెట్టి పిలుస్తున్నామని, జవాబు లేదని చెప్పాడు. వెనక నుంచి "మిస్టర్ బానోత్, మిస్టర్ బానోత్" అన్న కేకలు నాకూ వినపడుతున్నాయి. అరుపు వినపడే దూరంలో మనిషి ఉండి పలకలేదంటే అర్థమేమిటి? షుగర్ పడిపోయి ఎక్కడో ఒరిగిపోయి ఉంటారు, లేదా జారిపోయి ఉంటారు. ఈ రెండు తప్ప నా బుర్రకు మూడోది తోచలేదు. పిచ్చిదానా, ఎంత పని చేశావే అని నన్ను నేను తిట్టుకున్నాను.

మళ్లీ కమ్లమ్మతో మాట్లాడాను. వాళ్ల గొంతు కాదు, నీ గొంతయితే గుర్తుపడతారు, పేరు పెట్టి గట్టిగా పిలువమన్నాను. బిడ్డా, బిడ్డా అంటుందే గానీ పిలవదు. మళ్లీ చెప్పాను.

"ఆయన పేరు నేనెట్ల తీస్త బిడ్డా?"

నాకు ఒళ్లు మండింది. మనిషి ఉన్నాడో లేడో తెలియదు, ఈ వేళ పట్టింపులేమిటని కసిరాను. ఆమె ఏడుపు మొదలుపెట్టింది. ఏడుస్తోందే గానీ, ఆ పేరు నోట రాలేదు. పెళ్లయినప్పటి నుంచి ఒక్కసారీ పలకని పేరు, నేను కసిరితే వస్తుందా. అంతలో నాకే సిగ్గేసింది. డిగ్రీ చదివి, ఇంత ఆఫీసు నడుపుతున్న నేను మాత్రం మా ఆయన్ని ఏనాడన్నా పేరు పెట్టి పిలిచానా? గొంతు తగ్గించాను.

"ఇంట్ల ఏమని పిలుస్తవమ్మా?"

"ఇగో అంట."

"గట్లనే పిలువు."

వాళ్ల ఇంటి భాష వేరే. కానీ గని కాలనీలో అన్నేళ్లు ఉండి, ఆయన్ని పిలిచే మాట మాత్రం తెలుగులో స్థిరపడిపోయింది. మొదటిసారి "ఇగో" అని మెల్లగా అంది, పరాయి మగవాళ్ల ముందు గొంతెత్తడానికి సిగ్గు. ఇంకా గట్టిగా అన్నాను. రెండోసారి కొంచెం పెరిగింది. మూడోసారి మాత్రం, అమ్మో, ఫోన్ చెవికి దూరం పెట్టాల్సి వచ్చింది. అదే ఆయన పేరనుకున్నారో ఏమో, నలుగురు గైడ్లూ అందుకుని "ఈగో, ఈగో" అని అరవసాగారు. ఇంగ్లీషులో ఆ మాటకు అహంకారమన్న అర్థం ఉందని నాకు రెండు రోజుల తర్వాత గుర్తొచ్చి, ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను.

అందరూ ఒక్కసారి ఆగారు. ఎక్కడో దూరం నుంచి, పక్క గదిలో పేపరు చదువుకుంటున్న మనిషి పలికినట్టు ఒక గొంతు వినిపించింది.

"ఆఁ. ఏంది?"

బల్ల మీద తల పెట్టుకుని భోరున ఏడ్చేశాను. కింద దుకాణంలోంచి మా అత్తగారు పరుగున వచ్చి ఎవరికేమైందని అడిగితే, ఏమీ కాలేదత్తమ్మా, ఏమీ కాలేదు అని నవ్వుతూ మళ్లీ ఏడ్చాను. అంత నిండుగా ఊపిరి తీసుకున్న రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు.

ఆయన మంచులో దారి తప్పి, దారికి పాతికడుగుల కింద ఒక బండ వెనక కూర్చుని ఉన్నారు. చేతులు వణుకుతున్నాయట, చెమటలు పట్టాయట. బిస్కెట్లు, తియ్యటి టీ కడుపులో పడ్డాక తేరుకున్నారు. ఆ బండ దాటి నాలుగడుగులు వేస్తే జారే కంకర, దాని తర్వాత ఏమీ లేదని వాయన్ చెప్పాడు. మరి ఎందుకు కదల్లేదంటే, గనిలో దీపం ఆరితే ఉన్నచోటే కూర్చోవడం తన అలవాటని సక్రు గారన్నారు.

తిరిగొచ్చాక ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు. అంతసేపు పిలిచారు కదా, వినపడలేదా అని నిలదీశాను.

"ఎందుకు ఇనపడలే? బానోతు, బానోతు అని ఒకటే ఒర్రుతున్నరు. మా తండల ఎవలి ఇంటికి పోయినా బానోతే గద బిడ్డా. పాపం ఇంకో బానోతు ఎవడో వచ్చి తప్పిపోయినట్టుంది, నాతోనేం పని అనుకున్న."

కమ్లమ్మను చూసి, కనీసం అప్పుడన్నా పేరు తియ్యాల్సింది కదమ్మా అన్నాను. ఆమె కొంగు సర్దుకుంది.

"పేరు వెట్టి ఊరంత పిలుస్తది. ఇగో అంటే నేనే అని ఆయనకెరుక."

ఆ రోజే మా బుకింగ్ ఫారంలో ఒక గడి పెంచాను. పాస్‌పోర్టు పేరు మనిషిని విమానాశ్రయం దాటిస్తుంది, అంతవరకే దాని పని. తప్పిపోయిన మనిషిని వెతకాలంటే ఇంట్లో పిలిచే మాట కావాలి. 'ఇంట్లో ఏమని పిలుస్తారు' అన్న ఆ గడి నింపకుండా ఇప్పుడు నేను ఎవరినీ ఎక్కడికీ పంపను. గైడుకు ఇచ్చే వోచర్ మీద ఆ మాటే ముందుంటుంది.

ఆ గడిని మొదట నింపింది సక్రు గారే. వచ్చే ఏడాది ఇంకో పొగల గుట్ట చూస్తానని ఫారం తీసుకున్నారు. తన గడిలో నెమ్మదిగా 'ఇగో' అని రాశారు. కమ్లమ్మ గడి దగ్గర కొంచెం ఆలోచించి, ఆమె వైపు ఒకసారి చూసి, అక్కడా అదే మాట రాశారు.