పూడ్చిన రోలు

2016, శ్రావణమాసం, గురువారం, పొద్దున్న పదకొండు గంటలు. స్టేషన్లో పాసింజరు బండి అప్పుడే కూసి వెళ్ళింది, అందుకే గంట గుర్తుంది.

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా ఆయన పోయిన గదిలోనే పదమూడేళ్ళు ఒక్కదాన్నే పడుకున్నాను. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. రాతలో తప్పులుంటే ఉంటాయి, జరిగినదాంట్లో లేవు.

కోటబొమ్మాళిలో మా ఇంటి వెనక వాటా అద్దెకిస్తాను. దాని వంటగది మూల మా అత్త రోలు నేలలో పాతేసి ఉండేది. ఇప్పుడు రోలెవరికి కావాలి? గుంటలో కాలు పడుతోందని అద్దెకున్నవాళ్ళు సణిగేవారు. సుజాత, ప్రకాష్ దిగేముందు అప్పన్న మేస్త్రి చేత సిమెంటు నింపించి నేల చదును చేయించాను. వట్టి రోలు పూడ్చకు, కాస్త పసుపు రాసి గుప్పెడు బియ్యం వెయ్యమని పక్కింటి సూరమ్మ చెప్పింది. నేను పట్టించుకోలేదు.

సుజాత నర్సు, ప్రకాష్‌ది ఆటో. ఆదివారం చర్చికెళ్ళే నెమ్మదైన మనుషులు. అయినా రెండు నెలలు తిరక్కుండా ఆ సిమెంటు ఊడి పక్కన పడింది. మళ్ళీ పూడ్పించాను. మళ్ళీ ఊడింది. నాకు ఒళ్ళు మండింది. పిల్ల పుట్టకముందే ఇల్లు తవ్వేస్తన్నారేటి అని వీధంతా వినేలా అరిచాను. ఆదివారానికల్లా ఖాళీ చెయ్యమన్నాను.

సుజాతకి అప్పుడు ఎనిమిదో నెల. పురుడొచ్చే మనిషికి ఎవరూ ఇల్లివ్వరు. ప్రకాష్ మూడు వీధులు తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. అదంతా నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి, "నా కాలి చెప్పు నేను వంగి తీసుకోలేకపోతన్నానమ్మా. రోలెలా తవ్వుతాను? మేం లేనప్పుడు పూడ్పించి, తాళం నీ దగ్గరే ఎట్టుకో. అప్పుడు సూడు" అంది.

సరే చూద్దామన్నాను. వాళ్ళు పాతపట్నం, వాళ్ళమ్మగారింటికి వెళ్ళారు. ఆదివారం అప్పన్న నా కళ్ళముందే మూడోసారి పూడ్చాడు. మర్నాడు నీళ్ళు కొట్టి, సిమెంటు గట్టిపడిందో లేదో కాలితో తన్ని చూశాను. పెరటి తలుపు లోపలి గడియ, కిటికీలు నేనే వేశాను. వీధి తలుపుకి కొత్త తాళం. తాళంచెవి నా బొడ్లోనే ఉంది, స్నానానికి కూడా తియ్యలేదు.

గురువారం వాళ్ళు తిరిగొచ్చారు. అందరి ముందూ తీద్దామని సూరమ్మనీ, అప్పన్ననీ పిలిచాను. తాళం నేనే తీశాను. లోపల మూసిన ఇంటి వాసనే. గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

సిమెంటు ముద్ద పగల్లేదు. గిన్నెలోంచి తీసిన ఇడ్లీలా అంతా ఒక్కటిగా బయటికొచ్చి, గోడకి ఆనించి ఉంది. రోలు కడిగినట్టు తడిగా ఉంది. అంచుకి మినప్పొట్టు అంటుకుని ఉంది. వేలితో తీసి చూశాను. పచ్చిది.

"నా సిమెంటుకి కాళ్ళొచ్చాయేటమ్మా?" అన్నాడు అప్పన్న. పాత రాయి నున్నగా ఉంటే సిమెంటు పట్టదని తర్వాత తనే అన్నాడు. పట్టదు, సరే. గోడ దగ్గరికి ఎవరు మోశారు? పప్పెవరు రుబ్బారు?

సుజాత నావైపు చూసింది, అంతే. తిట్టినా బాగుండేది. నేనే పెరట్లోకెళ్ళి వీధికి వినపడేలా, ఈ పిల్ల తప్పు లేదు, నోరు జారింది నేను, పురుడు ఈ ఇంట్లోనే అని చెప్పాను.

రోలు మళ్ళీ పూడ్చలేదు. పైన ఒక చెక్క వేసి ఉంచాను. ఆ పని ఎవరు చేశారో నాకు ఇప్పటికీ తెలీదు. తెలుసని అబద్ధమాడను.

ఆవేళ అక్కడున్నది నేను, సూరమ్మ, అప్పన్న మేస్త్రి, ప్రకాష్, సుజాత, ఆమె కడుపులో నేను ఇల్లు లేకుండా చెయ్యబోయిన బిడ్డ.