ఫలితాల రోజున పెళ్ళి మేళం

ఆ రోజుల్లో నేనేం ఉద్యోగం చేస్తున్నానో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. డిగ్రీ అయిన కొత్తలో, ఎల్బీ నగర్‌లోని మా అద్దె ఇంటి నుంచి మెట్రో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న చిన్న ఆఫీసుకి వెళ్ళేదాన్ని. ఒక తెలుగు వార్తల సైట్లో ప్రకటనలు పెట్టడం మా పని. "మా పెద్దది ట్యాగులు అతికిస్తుందండీ" అని అమ్మ అందరికీ గర్వంగా చెప్పుకునేది. అది విని ఇంటి ఓనరమ్మ నన్ను మెట్ల మీద ఆపి, "ఏ దుకాణంల బిడ్డా? నాకు జర చీరలు తక్కువల ఇప్పియ్యరాదు?" అని అడిగింది. (తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ గర్వమూ, ఆవిడ ఆశా కలిసి నన్ను చీరలకి ధరల చీటీలు అంటించే పిల్లగా ఖాయం చేసేశాయి.)

నా ట్యాగులు వేరు. చిన్న దుకాణాలవాళ్ళు ప్రకటన బొమ్మని నేరుగా మాకు పంపేవారు. పెద్ద దుకాణాల తరఫున మాత్రం వాళ్ళ ఏజెన్సీ బొమ్మకి బదులు కొన్ని వరుసల కోడ్ పంపేది. దాన్ని థర్డ్ పార్టీ ట్యాగ్ అంటారు. దాన్ని మా సిస్టంలో అతికిస్తే చాలు, ఎవరైనా పేజీ తెరిచినప్పుడు ప్రకటన ఏజెన్సీవాళ్ళ సర్వర్ నుంచి వచ్చి అక్కడ కూర్చుంటుంది. గోడ మాది, పోస్టరు వాళ్ళది. మాతో ఒక్క మాటైనా చెప్పకుండా వాళ్ళు ఆ పోస్టరు మార్చేసుకోవచ్చు.

ఎల్బీ నగర్‌లో ఒక పట్టుచీరల షోరూం కొత్తగా తెరుస్తున్నారని వాళ్ళ ట్యాగు వచ్చింది. మేమంతా 'అన్న' అని పిలిచే మా బాస్ దాన్ని నాకప్పగించాడు. ఆయనది పెద్ద అంబర్‌పేట్ దాటాక ఒక ఊరు. మాటలతో ఎవరి చేతైనా ప్రకటన ఇప్పించగలడుగానీ సిస్టం ముట్టుకోమంటే వణుకు. "గిది నువ్వొక్కదానివే పెట్టు. మంచిగ నడిస్తె నీ నౌకరి పక్కా. లేకుంటె మల్ల మాట్లాడుకుందం" అన్నాడు. అప్పటికింకా నన్ను పర్మనెంట్ చెయ్యలేదు. కొలతలు సరిచూశాను, నొక్కితే షోరూం పేజీకి వెళ్తోందో లేదో చూశాను, నా ఫోన్లోనూ, పక్కసీటువాళ్ళ ఫోన్లోనూ తెరిచి చూశాను. పేజీలో ఒక మూల పెళ్ళికూతురు పట్టుచీరలో నోరు మెదపకుండా నిలబడి ఉంది. ఎంత బుద్ధిమంతురాలో అనుకుని ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోయాను.

తెల్లారితే ఇంటర్ ఫలితాలు. మా చెల్లి కూడా రాసింది. మా సైట్లోనే ఫలితాలు చూపిస్తున్నారని మురిసిపోతూ మెట్రో ఎక్కాను. నా పక్కన ఒక పెద్దమనిషి, ఆయన పక్కన కూతురు. ఆ పిల్ల హాల్‌టికెట్ నంబరు కొడదామని తెర మీద వేలు పెట్టిందో లేదో, నా పెళ్ళికూతురు మూలలోంచి లేచి ఫోనంతా పరుచుకుంది. వెంటనే సన్నాయి, డోలు, గట్టిమేళం! మూసేద్దామంటే ఎక్కడా ఇంటూ గుర్తు లేదు. "నా బిడ్డ పాసైందా లేదా చూద్దమంటె నడిమిట్ల గీ పెండ్లేంది!" అని ఆ పెద్దమనిషి అరిచాడు. అంతలో ఎదుటి సీట్లో ఇంకో మేళం, తలుపు దగ్గర మరోటి. "ముహూర్తం దాటిపోతోందండీ, ఎవరైనా అక్షింతలు వెయ్యండి" అంది కృష్ణా జిల్లా యాసలో ఒకావిడ. పెట్టె పెట్టంతా గొల్లున నవ్వింది. నాకు ఒకపక్క గుండె దడ, ఇంకోపక్క నవ్వు. చున్నీ నోట్లో కుక్కుకున్నాను.

చెల్లి ఫోన్. "అక్కా, నా మార్కుల మీద ఎవరో పెళ్ళికూతురు నిలబడి కదలట్లేదే! నాన్నకి చెమటలు పడుతున్నాయి." వెనక నుంచి ఓనరమ్మ గొంతు: "ఏంది, మాకొక్క మాట చెప్పకుంట పిల్ల పెండ్లి చేస్తున్రా?" అమ్మ ఏదో సర్దిచెప్పబోతుంటే మేళం ఇంకా పెరిగింది.

అప్పట్లో మా సిస్టం ఆఫీసు కంప్యూటర్లలో తప్ప తెరుచుకునేది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి పరుగు అందుకున్నాను. కోచింగ్ సెంటర్ల ముందు పిల్లలు గుంపులు గుంపులు, గుంపుకొక మేళం. చెమటలు కక్కుతూ నేను పరిగెడుతుంటే అరటిపళ్ళ బండి ఆయన దారిచ్చి, "జల్ది పో అక్కా, తాళి కట్టేస్తరు!" అని సాగనంపాడు. దాంతో ఆపుకున్న నవ్వు తన్నుకొచ్చేసింది. పరిగెత్తుతూ నవ్వడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఆఫీసులో అన్న రెండు చెవులకీ రెండు ఫోన్లు ఆనించుకుని నిలబడ్డాడు. "పరేషాన్ గాకు, నేనే ఆపిన. ఇంటర్నెట్ వైరు పీకేసిన" అన్నాడు విజయగర్వంతో. (ప్రకటన వస్తున్నది ఏజెన్సీ సర్వర్ నుంచి. ఆయన వైరు పీకినందువల్ల ఆగిపోయింది ఒక్క మా ఆఫీసే.) నేను బల్ల కింద దూరి ఆ వైరు మళ్ళీ గుచ్చి, సిస్టం తెరిచి, ట్యాగుని ఆపేశాను. కాసేపటికి కింద వీధిలో ఒక్కొక్క మేళమే సద్దుమణిగింది. తర్వాత కోచింగ్ సెంటర్ లోంచి కేకలు, ఈలలు, ఎవరిదో ఏడుపు. మార్కులు కనబడ్డాయన్నమాట. నా ఫోన్ మోగింది. "పాసయ్యానే అక్కా!" అని చెల్లి అరుస్తుంటే నేను బల్ల కిందే చతికిలబడి మళ్ళీ నవ్వాను.

ఏజెన్సీవాళ్ళు ముందు తప్పు మా మీదికి నెట్టారు. నేను పెట్టిన కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదని చూపించాక, పొద్దున్నే తామే మౌనంగా ఉన్న పెళ్ళికూతుర్ని తీసేసి మేళం ఉన్నదాన్ని పెట్టామని నెమ్మదిగా ఒప్పుకున్నారు. అయినా షోరూం యజమాని మమ్మల్ని రమ్మన్నాడు. దారిపొడవునా అన్న, "నువ్వేం మాట్లాడకు, తిట్టనియ్యి" అని నూరిపోశాడు. వెళ్ళి చూస్తే షోరూంలో కాలు పెట్టే చోటు లేదు. "మేళం దుకాణం ఇదేనా?" అని అడుగుతూ ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. "ఆ మేళం పెట్టింది నువ్వేనామ్మా? ఎందుకు ఆపేశావ్? మళ్ళీ పెట్టు!" అన్నాడాయన వెలిగిపోతున్న ముఖంతో.

నా నోరు ఊరుకోలేదు. "పెట్టనండీ. వినాలనుకున్నవాళ్ళు నొక్కితేనే మోగాలి, వద్దనుకుంటే మూసే గుర్తుండాలి. అలా పంపిస్తేనే పెడతాను" అన్నాను. అన్న నా కాలు తొక్కాడు. యజమాని నన్ను ఎగాదిగా చూసి, "మా ఆవిడా పొద్దున్న అదే అంది. ఫోను విసిరికొట్టింది కూడా" అని పకపకా నవ్వాడు. బయటికొచ్చాక అన్న, "నీ నోరు చూస్తె భయమైతుంది గని, నౌకరి పక్కా పో" అన్నాడు.

ఇప్పుడు ట్యాగులని యంత్రమే ముందుగా పరీక్షిస్తుంది. ఏదైనా తేడా వచ్చినా నేను కుర్చీలోంచి లేవకుండా ఫోన్లోనే ఆపేస్తాను. ఎవరికీ తెలియదు, ఎవరూ నవ్వరు. అంతా సవ్యంగా ఉన్న ఇలాంటి సాయంత్రాల్లో, చున్నీ ఎటుపోతోందో చూసుకోకుండా దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద భయంతో, నవ్వుతో పరిగెత్తిన ఆ పిల్ల గుర్తొస్తుంది. దానికి ఎంత ఊపిరుండేదో!