అంతర్వేది మొగలో జంట ట్యాంకులు

నీళ్ళడుగున ఈదే స్కూబాకి జంట గాలి ట్యాంకులు ఎలాంటివి కొనాలని చాలామంది అడుగుతుంటారు. నేనైతే ఎవర్నీ అడగలేదు. విశాఖ దగ్గర లోతుసముద్రంలో మునిగిన ఓడను చూడాలని, వీపు మీద పక్కపక్కనే బిగించి పైన గొట్టంతో కలిపే ఉక్కు జత కొనేశాను. దాన్ని వాడి చూడాలని ఉబలాటపడుతుండగా, మాకు చేపలు పంపే సత్తిబాబు గారు అంతర్వేది నుంచి ఫోన్ చేశారు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగలో ఆయన పడవ ఇంజన్ ఊడి పడిపోయింది. అది లేకపోతే ఆయనకు వేట లేదు.

తణుకులో ఐదున్నరకి కారులో బయలుదేరి, పాలకొల్లు మీదుగా ఏడుకల్లా నరసాపురం చేరాం. అక్కడ కారును పంటు ఎక్కించి గోదావరి దాటించాలి. టికెట్టుకి చిల్లర ఉంచుకోండి. ఎనిమిదిన్నరకి, సత్తిబాబు గారు తెడ్లతో నడిపిస్తుంటే, ఆయన పడవలో ఉన్నాం. నాకు తోడు మా అక్క భర్త, ప్రసాద్ బావగారు. ఆయన రెండు అల్యూమినియం ట్యాంకుల్ని చంకల కింద చెరొకటి వేలాడదీసుకున్నారు. వలలున్న నీళ్ళలో వాల్వులు చేతికందేలా ఉండాలని ఆయన అంటే, ముప్ఫై అడుగుల లోతుకి ఇంత భయమా అని ఆటపట్టించాను.

సత్తిబాబు గారు గుప్పెడు తవుడు నీళ్ళ మీద చల్లి, అది కదలకుండా నిలిచేదాకా మమ్మల్ని దిగనివ్వలేదు. "పోటు ఆగిందండి. పాటు మొదలై నీళ్ళు సముద్రంలోకి లాగేలోపు పైకొచ్చేయాలి. తాడు ఒక్కసారి గుంజితే లాగుతాను, మూడుసార్లు గుంజితే ఆపేస్తాను," అన్నారు.

అడుగున నా చెయ్యి నాకే కనపడలేదు. తడుముకుంటూ వెతికేసరికి చాలాసేపు పట్టింది. ఇంజన్‌కి తాడు కట్టి ఒక్కసారి గుంజాను. ఇంజన్ లేచింది, దాంతోపాటు బురదలోని పాత వల కూడా లేచి నా తల వెనక వాల్వులకు చుట్టుకుంది. వల రాపిడికి వాల్వు తిరిగి మూసుకుపోతున్నట్టుంది, ఊపిరి బరువెక్కింది. చెయ్యి వెనక్కి అందలేదు, రెండో వాల్వు గొట్టం కూడా వలలోనే ఇరుక్కుంది. రెండు ట్యాంకుల నిండా గాలి ఉంది, నాకు మాత్రం అందడం లేదు. తాడు మూడుసార్లు గుంజాను. అది వదులవకపోగా ఇంకా బిగిసింది. చచ్చిపోతానని గట్టిగా అనిపించింది.

ఉన్నట్టుండి తాడు తెగి వల వదులైంది. బావగారు తడుముకుంటూ వచ్చి, వల కోసి, వాల్వు తిప్పారు. పైకొచ్చాక తెలిసింది, పాటు తిరిగి పడవ కొట్టుకుపోతుంటే తాడు బిగుసుకుపోయిందట. ముడి విప్పే వ్యవధి లేక సత్తిబాబు గారే కత్తితో కోసేశారు, ఇంజన్ మళ్ళీ అడుక్కి పోయింది. క్షమించమని అడగబోయాను. "ఇంజన్ సంగతి తర్వాతండి. ముందు మంచినీళ్ళు తాగండి," అన్నారు.

లోతైన తేటనీళ్ళకి ఉక్కు జత మంచిదే. ఒక వాల్వు పాడైతే దాన్ని మూసి రెండోదాంతో పైకి రావచ్చు. వలలు, ఇరుకు, బురద ఉన్నచోట పక్కన వేలాడేవే నయం. లోతు తక్కువైతే ఒక్కటి చాలు. ఆ సంగతి నాకు పుస్తకాల్లో చదివి తెలుసు, ఒంటికి తెలియలేదు. తర్వాత రెండుసార్లు ఒక్క ట్యాంకుతో దిగి వెతికాం, ఇంజన్ దొరకలేదు. సత్తిబాబు గారు వేరేవాళ్ళ పడవలో కూలికి వెళ్తున్నారు.

కొనేముందు ట్యాంకులు తగిలించుకుని, కళ్ళు మూసుకుని, ప్రతి వాల్వునీ మీ చేత్తో తిప్పి చూడండి. కొట్లోనే నేను ఆ పని చేసి ఉంటే, సత్తిబాబు గారు ఈపాటికి తన పడవలోనే వేటకి వెళ్తుండేవారు.