ఒక్కపొద్దు నాడు మానేసిన రెండో చుక్క

తాండూరులో మా కిరాణా కొట్లో ఒక ఉదయం కందిపప్పు తూకం వేస్తున్నాను. ఎడమ పక్క నిలబడ్డ ముసలాయన, "సంచి పట్టుకొని ఎంతసేపాయె, నేను కనబడ్తలేనా అమ్మా?" అన్నాడు. నిజంగానే కనబడలేదు. కళ్ళజోడు మార్చాలేమోనని మూడు నెలలు నాన్చాను.

వికారాబాద్‌లో కంటి డాక్టరు కంట్లో ప్రెషర్ చూసి, పక్క చూపు ఎంతుందో తెలిపే ఫీల్డ్ టెస్ట్ చేయించి, "గ్లాకోమా. కంట్ల ప్రెషర్ పెరిగి నరం దెబ్బతింటది. ఎడమ కంట్ల కొంత చూపు పోయింది. పోయింది రాదు, ఉన్నది కాపాడుకోవాలె" అన్నాడు. పడుకునేముందు కంట్లో వేసుకోమని ఒక చుక్కల మందు రాశాడు. ఇరవై ఎనిమిది ఉన్న ప్రెషర్ ఇరవై ఒకటికి దిగింది. నేను సంబరపడ్డాను. ఆయన పడలేదు. "మీ నరానికి గిది సరిపోదు. రెండో చుక్క కలుపుదాం, పొద్దున, సాయంత్రం" అన్నాడు.

ఆ రెండోది కంట్లో వేస్తే గొంతులో చేదు. నాకేమో సోమ, శనివారాలు ఒక్కపొద్దు, శ్రావణం, కార్తీకం అయితే నెలంతా. దీపం పెట్టి తినేదాకా మంచినీళ్ళు కూడా ముట్టను. చేదు గొంతు దిగితే ఒక్కపొద్దు చెడినట్టే కదా. అందుకని ఆ రోజుల్లో రెండో చుక్క మానేశాను. అడిగితే వేసుకోమంటారని ఎవరినీ అడగలేదు. వాటిలో సగం ఒక్కపొద్దులు, కన్ను నిలబెట్టమని అనంతగిరి స్వామికి మొక్కి కొత్తగా పట్టినవే.

కార్తీకం చివర మొక్కు తీర్చుకుని గుడి మెట్లు దిగుతుంటే ఎడమ పక్క మెట్టు కనబడక పడ్డాను. నా బిడ్డ సునీత అటునుంచి అటే ఆసుపత్రికి తీసుకుపోయింది.

మళ్ళీ ఫీల్డ్ టెస్ట్. కాగితం మీద చూపు పోయిన చోటును చూపే నలుపు బాగా పెరిగింది.

"చుక్కలు రోజూ వేస్తున్నరా?"

"ఒక్క రోజు తప్పలేదు సార్" అన్నాను, సిగ్గు లేకుండా.

"అబద్ధం సార్. ఉపాసమున్న రోజు రెండోది ఏస్కుంటలేదు. చేదుకు ఒక్కపొద్దు చెడ్తదంట" అంది సునీత.

డాక్టరు కోప్పడలేదు. నా వేలు పట్టుకుని ముక్కు పక్కన, కంటి మూల ఆనించాడు. "చుక్క వేసి, కన్ను మూసుకొని గిక్కడ రెండు నిమిషాలు ఒత్తుండ్రి. చేదు గొంతులకు దాదాపు దిగదు. జర అడిగితే అప్పుడే చెప్తుంటి కదమ్మా."

ఆయన తిట్టినా బాగుండేది. రెండు నిమిషాలు వేలు పెడితే తీరే పనికి ఎడమ కన్ను దాదాపు పోగొట్టుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇప్పుడు తూకం సునీత వేస్తోంది. ఒక్కపొద్దులు ఉన్నాయి, రెండు చుక్కలూ ఉన్నాయి. ప్రెషర్ పదిహేను దాటడం లేదు. కుడి కన్ను నిలిచింది.

చుక్క మానాలనిపిస్తే, ఎందుకు మానాలనిపించిందో ముందు డాక్టరుకు చెప్పండి, ఎంత సిగ్గుగా ఉన్నా సరే. నేను దేవుడికి చెప్పుకున్నాను. ఆ వేలు సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది, నాకు చెప్పలేదు.